ఒకే అచ్చు, రెండు తలుపులు

అరవై రెండేళ్లు వచ్చినా దెల్ఫీనా ఓస్తొరేరోని బోర్గో సాన్ పావొలో పేటలో అందరూ 'తోత దెల్ఫీనా' అనే పిలిచేవారు. తోత అంటే పెళ్లికాని పిల్లని పిలిచే పిలుపు. పదహారేళ్ల పిల్లకి అది ముద్దుగానే ఉంటుంది, అరవై దాటినదానికి చెంపదెబ్బలా ఉంటుంది. పిలిచేవాళ్లకి ఆ సంగతి తెలియదనుకోకండి, బాగా తెలుసు.

ఆమె ముప్ఫై ఒక్క సంవత్సరాలు కార్ల బాడీలు చేసే కంపెనీలో ట్రేసింగు పని చేసింది. ఆ పనేమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె కడుపుమంట మీకు అర్థం కాదు. పైగదిలో మగవాళ్లు కాగితం మీద పెన్సిల్‌తో కారు గీసేవారు. కిందిగదిలో ఆడపిల్లలు ఆ కాగితం మీద గంజి పెట్టిన పల్చటి నూలుగుడ్డ పరిచి, కింద కనిపించే గీతల మీదుగా ఇంకుతో గీసేవారు. ఆ గుడ్డ అద్దంలా ఉండేది, గీసిన గీత అవతలిపక్కనుంచి కూడా కనిపించేది. డ్రాయింగు మూలన మూడు గళ్లు ఉండేవి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ట్రేసింగు చేసినదానికి గడి లేదు. అందుకని పిల్లలు అంచుగీత కింద నువ్వుగింజంత గుర్తు ఒకటి దొంగతనంగా పెట్టుకునేవారు. ఒకామె చెర్రీ పండు పెట్టేది, ఒకామె కొడవలి పెట్టేది. దెల్ఫీనాది చీమ.

ఇంకో రహస్యం కూడా ఉంది. పైగది మగవాళ్ల పెన్సిల్ గీత తప్పితే కిందిగది ఆడపిల్లలు నోరెత్తకుండా ఇంకులో దిద్దేసేవారు. 'అయ్యా, ఇక్కడ తప్పింది' అని చెప్పిన పిల్ల మరుసటి నెల ఆ గదిలో ఉండేది కాదు. అలా దిద్దిన డ్రాయింగులతో ఎంతమంది పెద్ద పేరు తెచ్చుకున్నారో లెక్కలేదు. వాళ్ల పేర్లు వీధులకి కూడా పెట్టారు లెండి.

ఇంకు ఒలికిపోయిన గుడ్డల్ని శనివారం ఇంటికి పట్టుకెళ్లనిచ్చేవారు. వేడినీళ్లలో నానబెట్టి ఉతికితే గంజీ పోయేది, ఇంకూ పోయేది, చేతిలో మెత్తటి తెల్లటి నూలు మిగిలేది. రుమాళ్లు, చంటిపిల్లల చొక్కాలు కుట్టుకునేవారు. ఆ రోజుల్లో బోర్గో సాన్ పావొలోలో పుట్టిన పిల్లల్లో సగంమంది ఏదో ఒక కారు డ్రాయింగు తొడుక్కుని పెరిగినవాళ్లే.

పంతొమ్మిది వందల యాభై ఏడులో దెల్ఫీనాకి పంతొమ్మిదేళ్లు. ఒత్తావియో మస్సూక్కో అనే కుర్ర ఇంజినీరు చేతికి బీదవాళ్ల కారు ఒకటి గీసే పని వచ్చింది. బుల్లి బండి, చవగ్గా తేలాలి. ఆయన ఎంత కొట్టుకున్నా ఖర్చు దిగిరావడం లేదు. ఎడమ తలుపు రేకు నొక్కడానికి ఒక ఉక్కు అచ్చు, కుడి తలుపుకి ఇంకొకటి కావాలి. ఆ అచ్చులే ఇల్లు ముంచుతున్నాయి. ఒకరోజు దెల్ఫీనా ట్రేసింగు గుడ్డ ఆరడానికి తిప్పి వేసింది. ఎడమ తలుపు కాస్తా కుడి తలుపైపోయింది. ఆమె అలాగే చూస్తూ నిలబడిపోయింది. తలుపు ముందంచూ వెనకంచూ అచ్చం ఒకేలా ఉంటే చాలు, ఒకే అచ్చులో నొక్కిన తలుపు ఎడమపక్కా పడుతుంది, తిప్పితే కుడిపక్కా పడుతుంది! రెండో అచ్చుతో పనే లేదు. పాడైన గుడ్డ ముక్క మీద గీసి, పైగదికి పట్టుకెళ్లింది.

మస్సూక్కో ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఇది నువ్వు గీశావా?"

"అవునండీ ఇంజినీరు గారూ."

"ట్రేసింగు పిల్ల ట్రేసింగు చెయ్యాలి. ఇంకోసారి ఇలా గుడ్డ తగలేస్తే మీ గది పెద్దావిడకి చెప్తాను. పో."

తొమ్మిది రోజులకి పైనుంచి కొత్త డ్రాయింగు దిగింది. అందులో ఒకే అచ్చు తలుపులు ఉన్నాయి. గీసినవారు: ఒ. మస్సూక్కో. పైగా అంచులు సరిగ్గా సమానంగా కూడా లేవు మహానుభావుడివి. దెల్ఫీనా పళ్లు బిగపట్టి, గుడ్డ తిప్పి చూసుకుంటూ దిద్దింది. మూలన చీమని పెట్టింది. ఆ శనివారం తన గుడ్డముక్కని తీసుకెళ్లి కోపంకొద్దీ మరిగే నీళ్లలో పడేసింది. రెండు రుమాళ్లయ్యాయి. కంపెనీ చివరికి ఆ కారు చెయ్యనే లేదు, డ్రాయింగు అటకెక్కింది. మస్సూక్కో మాత్రం ఆ తలుపుల పుణ్యమా అని పెద్ద ఇంజినీరయ్యాడు.

ఇక క్లబ్బు సంగతి. మా పేటలో ఇనపగుళ్లు దొర్లించి ఆడే బోచ్చె క్లబ్బు ఒకటి ఉంది. సభ్యులంతా కార్ల పనిలో ముసలైపోయినవాళ్లే. ప్రతి చలికాలం అక్కడ ఒక పోటీ జరుగుతుంది. ఇది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం అనుకోవాలి. మీకో కంపెనీ ఉందనుకుని దానికో పేరు పెట్టుకోవాలి. ట్రాముకి వేలాడే గుమాస్తా, పెళ్లాం, ఇద్దరు పిల్లలు పట్టే చవక కారు ఒకటి చేత్తో గీయాలి. ఆనాడు లేని వస్తువేదీ అందులో ఉండకూడదు. ఒకాయన ప్లాస్టిక్ బంపర్ పెట్టాడని ఏడాదంతా ఆయన్ని 'ఏం ప్లాస్టిక్, భోంచేశావా' అని పలకరించారు. అన్నిటికంటే పెద్ద నియమం, ఆ కారు ఇంతకుముందు ఏ కంపెనీ డ్రాయింగు బల్ల మీదికీ ఎక్కి ఉండకూడదు. లేని కంపెనీల లేని కార్ల కోసం ఉన్న స్నేహాలు చెడగొట్టుకునే మనుషులు వీళ్లు.

గెలిచిన కారుని క్లబ్బు ముసలివాళ్లే నిజం సైజులో చేస్తారు. ఒళ్లు చెక్కతో, తలుపులు రేకుతో. దాన్ని వసారాలో పెట్టి ఇత్తడి పలక మీద గీసినవాళ్ల పేరు చెక్కిస్తారు. దెల్ఫీనాకి కావలసింది ఆ పలక. ఒక్క కారు మీద, ఒక్కసారి తన పేరు ఉండాలి. అంతకంటే ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

రెండువేల సంవత్సరంలో ఆమె పోటీకి దిగింది. కారు పేరు ఫొర్మికా, అంటే చీమ. తలుపులు ఒకే అచ్చువి.

రేకుపని జెపిన్ అది చూసి తల గోక్కున్నాడు. జెపిన్ ఆమె ఇంటి పైవాటాలో ఉండే ముసలాయన, డెబ్భై ఎనిమిదేళ్లు. సుత్తితో కొట్టి రేకుని పట్టుగుడ్డలా వంచేవాడు. ఊరంతటిలో ఆమెని తోత అనకుండా పేరు పెట్టి పిలిచే మనిషి, ఆ తలుపుల కథ తెలిసిన మనిషి ఆయనొక్కడే.

"దెల్ఫీనా, ఈసారి తీర్పు చెప్పడానికి మస్సూక్కో వస్తున్నాడట. తెలుసా?"

"తెలుసు. రానీ."

"ఈ తలుపులు చూస్తే ఊరుకుంటాడా?"

"సిగ్గుతో చస్తాడు. చావనీ."

"వాడా? సిగ్గా?" జెపిన్ నవ్వాడు. "వేరే తలుపు గీసుకోవే తల్లీ. నీకేం, నీ చేతిలో ఇంకా వంద తలుపులున్నాయి."

"నా తలుపు నేను ఎందుకు మార్చుకోవాలి?" అందామె. అక్కడే చేసింది పొరపాటు. సిగ్గు అనేది అందరికీ ఉంటుందనుకుంది.

తీర్పు రోజున మస్సూక్కో ఒంటెరంగు కోటు వేసుకుని వచ్చాడు. డెబ్భై దాటినా చేతికర్ర లేదు. డ్రాయింగులన్నీ చూసుకుంటూ వచ్చి ఫొర్మికా ముందు ఆగాడు. ఆయన ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

"ఎవరిదిది?"

"మా తోత దెల్ఫీనాది ఇంజినీరు గారూ," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు క్రవేరో. ఇతను పెద్దవాళ్ల ముందు నడుం వంచితే మళ్లీ నిటారుగా లేవడం మరిచిపోయే రకం.

"చాలా బాగుంది. నాది కదా, బాగానే ఉంటుంది," అన్నాడు మస్సూక్కో.

హాలు గొల్లున నవ్వింది. దెల్ఫీనాకి తల కొట్టేసినట్టయింది. "మీది కాదు! నేను గీసి మీకు చూపించాను! ఆ పాత ట్రేసింగు తెప్పించండి, దాని మీద నా చీమ ఉంటుంది, చూసుకోండి!" అని అందరి ముందూ అరిచింది. ఇది రెండో పొరపాటు.

మరుసటి ఆదివారం మస్సూక్కో ఆ ట్రేసింగు తెచ్చాడు. నలభై మూడేళ్ల గుడ్డని బల్ల మీద పరిచి, జేబులోంచి భూతద్దం తీసి క్రవేరో చేతికిచ్చాడు. ముసలివాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు. అంచుగీత కింద చీమ ఉంది. ఆరు కాళ్లూ ఉన్నాయి.

"ఉంది, నిజమే," అన్నాడు మస్సూక్కో తీరిగ్గా. "చీమ నా గీత మీద పాకింది. అదేకదా దాని ఉద్యోగం? ఆనాడు నా డ్రాయింగు కింద పెట్టుకుని గీసింది, ఈనాడు జ్ఞాపకం పెట్టుకుని గీసింది. పాపం, అలవాటు పోలేదు." కాస్త ఆగి, "నువ్వేదో గీసి నాకు చూపించానన్నావే, ఆ గుడ్డ ఏదీ?" అన్నాడు.

దెల్ఫీనా చెయ్యి దానంతట అదే సంచీలోకి వెళ్లింది. బయటికొచ్చింది రుమాలు. ఉతికి ఉతికి పాలమీగడలా అయిన తెల్లటి రుమాలు. దాన్ని పట్టుకుని నిలబడింది. ఏమని చెబుతుంది? ఇదే ఆ గుడ్డ, గీతలన్నీ నేనే నా చేత్తో ఉడకబెట్టేశానని చెబుతుందా?

"చూశారా, ఏడవడానికి రుమాలు కూడా తెచ్చుకుంది," అన్నాడు మస్సూక్కో. ఈసారి జెపిన్ తప్ప హాలంతా నవ్వింది.

ఒకసారి కంపెనీ బల్లెక్కిన తలుపులు కదా అని ఫొర్మికాని పోటీలోంచి తీసేశారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పాత డ్రాయింగు చూసి ముసలివాళ్లకి మోజు పుట్టింది. నిజంగా యాభై ఏడులో గీసి, తయారవకుండా పోయిన బండి! ఈ ఏడు దీన్నే చేద్దాం, ఇంజినీరు గారిని గౌరవించినట్టుంటుంది అన్నాడు క్రవేరో. ఏ కంపెనీ బల్ల మీదికీ ఎక్కకూడదన్న నియమం ఏమైందని ఒక్కడూ అడగలేదు. ఆ నియమం దెల్ఫీనాకి కదా.

మస్సూక్కో ఒక షరతు పెట్టాడు. పాత డ్రాయింగు వద్దు, నిజం సైజులో మళ్లీ తానే గీస్తానన్నాడు. గీశాడు కూడా. దాన్ని గుడ్డ మీదికి ఎత్తాలి. ఎవరు ఎత్తుతారు? ఆ పని వచ్చినవాళ్లు ఊళ్లో ఇంకెవరు మిగిలారు?

క్రవేరో మిఠాయి పెట్టె పట్టుకుని దెల్ఫీనా ఇంటికొచ్చాడు.

"జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోకు. నీ చేతికి సాటి ఎవరు చెప్పు? ఇంజినీరు గారే అన్నారు, గీస్తే తోత దెల్ఫీనాయే గీయాలని."

"అలా అన్నారా?"

"ఒట్టు. 'ఆమె నా గీతని బాగా ఎరుగును' అన్నారు."

పుండు మీద కారం చల్లి, పైన మిఠాయి పెట్టాడన్నమాట. పెట్టె మొహాన కొట్టాల్సింది. కానీ ఆమె చేతికి ఇంకు పెన్ను దొరక్క పదేళ్లయింది. ఒప్పుకుంది.

క్లబ్బులో భోజనాల బల్లలు మూడు కలిపి డ్రాయింగు పరిచారు. ఒక విధవరాలి అటక మీద దొరికిన పాతకాలపు గుడ్డచుట్ట దాని మీద విప్పారు. ఆమె చక్రాలు గీసింది, కప్పు గీసింది. మూడోరోజున తలుపు దగ్గరకొచ్చి పెన్ను ఆపింది.

తలుపు వెనకంచు వాలి ఉంది. ఒక వేలెడు. ఇంజినీరు గారికి ముచ్చటేసింది కాబోలు, అలా వాలితే బండి పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుందని. కనిపిస్తుంది, బాగానే ఉంది. కానీ ముందంచు నిటారుగానే ఉంది. ఒకే అచ్చు మీద చేసిన తలుపుని కుడిపక్కకి తిప్పితే ఆ వాలు ముందుకొస్తుంది, ఎక్కడా అతకదు. ఆ తలుపు ఎందుకు అలా ఉండాలో ఈ మనిషికి ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు! సొంతంగా ఆలోచించినవాడైతే నిద్రలో కూడా ఆ అంచు వాల్చడు. దొంగిలించిన వస్తువు వాడకం దొంగకి తెలియలేదు.

దెల్ఫీనా ఆ వాలుని వేలితో కొలిచి చూసుకుంది. దిద్దడం ఎంతసేపు? గుడ్డ తిప్పి, ఒక్క గీత. ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేసిన పనే. ఆమె పెన్ను ఇంకులో ముంచి, వాలిన గీత మీద వాలినట్టే గీసింది. వెంట్రుకవాసి పక్కకి పోకుండా గీసింది. మూలన చీమని పెట్టింది.

రేకుపని జెపిన్‌కి అప్పగించారు. చెక్కతో తలుపు ఆకారం ఒకటే చేసిచ్చారు, ఒకే అచ్చు కదా మరి. దాని మీద ఆయన రెండు రేకుల్ని కొట్టాలి. ఆయన చేతులు వణికేవి. పొద్దున్న కాసేపు మాత్రం వణుకు ఆగేది, ఆ కాసేపే కొట్టేవాడు. మూడు నెలలు పట్టింది. రోజూ దెల్ఫీనా కాఫీ, ఉప్పుచేపతో రొట్టెముక్క పట్టుకెళ్లి పక్కన కూర్చునేది.

"నీ తలుపే అనుకుని కొడుతున్నానే," అన్నాడొకనాడు. "పలక మీద ఎవడి పేరున్నా నాకేం? ఇదే నా ఆఖరి తలుపు. దీని తర్వాత సుత్తులు ఎవరికైనా ఇచ్చేస్తాను."

నోటిదాకా వచ్చింది ఆమెకి. చెప్పేద్దామనుకుంది. చెబితే దిద్దేస్తారు. దిద్దితే బండి చక్కగా నిలబడుతుంది, మస్సూక్కో పేరుతో. ఆమె కాఫీ గిన్నెలు కడుక్కుని ఇంటికెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో పండగలా చేశారు. బార్బెరా ద్రాక్షసారా సీసాలు విప్పారు, ఇత్తడి పలక తోమి పెట్టారు. మస్సూక్కో మనవలతో సహా వచ్చాడు. చెక్క బండికి తలుపులు అందరి ముందూ బిగించాలని క్రవేరో ఏర్పాటు. ఎడమ తలుపు బిగించారు. టక్కున పడింది. చప్పట్లు. కుడి తలుపు తిప్పి పెట్టారు. పైన వేలెడు సందు, కింద వేలెడు చెక్క మీదికి ఎక్కేసింది. తీసి మళ్లీ పెట్టారు. క్రవేరో భుజం పెట్టి తోశాడు. రేకు మూలిగింది గాని తలుపు పడలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

మస్సూక్కో జెపిన్ వైపు తిరిగాడు. "చేతులు వణికే మనిషికి పని ఇవ్వొద్దని నేను అప్పుడే అన్నాను."

జెపిన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. తన చేతులు చూసుకున్నాడు. "రోజూ కొలుచుకున్నానండీ... పొద్దున్నపూట తప్ప కొట్టలేదు..." అంటూ అక్కడే చెక్కపెట్టె మీద కూలబడ్డాడు.

దెల్ఫీనా ఈ సంగతి ముందు ఊహించలేదు. ఆమె కలలో మస్సూక్కో ఒక్కడే ఉన్నాడు, జెపిన్ ఎప్పుడూ లేడు. ఆమె లేచి వెళ్లి డ్రాయింగు కాగితం బల్ల మీద పరిచింది, దాని మీద తన గుడ్డ పరిచింది. "రండి, చూడండి. జెపిన్ తప్పేం లేదు. ఇంజినీరు గారి గీత ఇలా వాలింది, నా గీతా ఇలాగే వాలింది. తేడా ఉంటే నా వేళ్లు నరకండి. ట్రేసింగు పిల్ల ట్రేసింగు చెయ్యాలి కదండీ, ఇంజినీరు గారూ?"

ముసలివాళ్లు వంగి చూశారు. జీవితమంతా రేకుతో బతికిన మనుషులు, అర్థం కావడానికి ఎంతసేపు? ఒకే అచ్చు తలుపు కనిపెట్టినవాడు ఈ గీత గీయడు. ఆ సంగతి ఒక్కొక్కరి ముఖంలోకీ వచ్చింది. మస్సూక్కో కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ బొత్తం ఎంతకీ కన్నంలో పడలేదు. నలభై మూడేళ్లుగా ఆమె ఎదురుచూసిన నిమిషం అదే.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు జెపిన్.

ఆమె వెనక్కి తిరిగింది.

"గీసేటప్పుడే తెలుసా దెల్ఫీనా?"

"తెలుసు."

"మూడు నెలలు నేను కొడుతుంటే పక్కన కూర్చుని చూశావా? కాఫీ పోసిచ్చావు కదే!"

జెపిన్ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఆమె సంచీలోంచి ఆ తెల్ల రుమాలు తీసి అందించింది. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, సుత్తులు ఏరుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పైవాటా మెట్ల మీద ఎదురుపడితే 'నమస్కారం తోత' అని పక్కకి తప్పుకునేవాడు.

మరునాడు మస్సూక్కో దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ వంకర బండి మీద తన పేరు ఉండడానికి వీల్లేదు, ఉంటే కోర్టుకి వెళ్తానని. క్రవేరో తల పట్టుకున్నాడు. బండి వసారాలో నిలబడి ఉంది, పలక ఖాళీగా ఉంటే బాగుండదు. ఎవరి పేరో ఒకటి ఉండాలి కదా. డ్రాయింగు గుడ్డ తిరగేసి చూశాడు, మూలన చీమ కనిపించింది. మస్సూక్కో పేరు చెక్కిన ఇత్తడి పలకనే వెనక్కి తిప్పి చెక్కించాడు: దెల్ఫీనా ఓస్తొరేరో. కింద ఇంకేమీ లేదు.

ఇప్పటికీ ఉంది ఆ బండి. ఆదివారాలు గుళ్లాటకి వచ్చినవాళ్లు ముందు ఆ కుడి తలుపు లాగి చూస్తారు, మళ్లీ వెయ్యబోతారు, అది పడదు. అప్పుడు పలక మీద పేరు పైకి చదివి నవ్వుకుంటారు. దెల్ఫీనా రొట్టెలకి వెళ్లాలంటే ఆ వసారా ముందునుంచే దారి. ఆమె అవతలిపక్క కాలిబాట మీదుగా వెళ్లి వస్తుంది.